చెవులు మూసుకుంటే మొండితనమా?

మిక్సీ వేయగానే నాలుగేళ్ల బాబు చెవులు గట్టిగా మూసుకుని వంటింటి గుమ్మంలో కూలబడతాడు. లేపబోతే తల నేలకేసి కొట్టుకుంటాడు. చుట్టాలు 'పెంకితనం' అంటారు, 'గారాబం ఎక్కువైంది' అంటారు. ఆటిజం, అంటే మాట, నలుగురితో కలవడం, ప్రవర్తన వేరుగా ఉండే ఎదుగుదల తీరు, ఉన్న పిల్లల తల్లులకు ఈ మాటలు కొత్త కాదు. తల్లినే తప్పుపట్టే ఈ అలవాటు ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లకూ ఉండేది.

1943లో బాల్టిమోర్‌లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాశారు. అన్నదే అనడం, చిన్న మార్పుకే తల్లడిల్లడం, శబ్దాలకు భయపడటం, అన్నీ అందులో ఉన్నాయి. వాళ్లలో ఓ బాబు సంగతి కూడా ఆయన రాశారు. వాడికి రెండేళ్లప్పుడు వాళ్లమ్మ వంటింట్లో ఓ పిల్లల పాట పాడుతుండగా చేతిలోని గిన్నె జారి పడింది. అప్పటి నుంచి గిన్నెలాంటిది ఏది కనబడినా వాడు 'పీటర్ ఈటర్' అనేవాడు. అవి ఆ పాటలోని మాటలే. బయటివాళ్లకు అర్థంలేని గొణుగుడు, వాడికి మాత్రం అది గిన్నె పేరు!

ఇంత దగ్గరగా చూసిన కానరే ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా రాశారు. ఆ ఒక్క మాట చేసిన నష్టం అంతా ఇంతా కాదు. షికాగోలో ఇలాంటి పిల్లల బడి నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ లాంటివాళ్లు దాన్ని పట్టుకుని, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని ప్రచారం చేశారు. మనసు ఫ్రిజ్‌లా చల్లబడ్డవాళ్లని ఆ తల్లులకు 'రెఫ్రిజిరేటర్ తల్లులు' అనే పేరే పడిపోయింది. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న సైకాలజిస్టు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఈ వాదాన్ని గట్టిగా ఎదుర్కొన్నారు. 1977లో కవల పిల్లలపై జరిగిన అధ్యయనం జన్యువుల పాత్రను చూపింది. అయినా ఇప్పటికీ మన ఇళ్లలో 'నువ్వు ఫోన్ ఇవ్వబట్టే వీడికిలా అయింది' అని తల్లినే అంటున్నారు. వింటే బాధేస్తుంది.

ఇక పిల్లల విషయానికొస్తే, 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లో సైకాలజిస్టు ఐవార్ లోవాస్ ఆటిజం ఉన్న పిల్లలకు బహుమతులిచ్చి మాటలు నేర్పారు. తలబాదుకోవడం లాంటివి మాన్పించడానికి దెబ్బలు, కరెంటు షాకులు కూడా వాడారు. ఆ ప్రవర్తన ఎందుకొస్తోందన్న ప్రశ్నకు పెద్దపీట వేసింది 1985 నాటి ఓ చిన్న ప్రయోగం. పని కష్టమైనప్పుడు గొడవ చేసే పిల్లలకు సైకాలజిస్టులు ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ 'నాకు అర్థం కాలేదు' అనడం నేర్పారు. ఆ మాటకు సాయం దొరికేసరికి గొడవ తగ్గింది. శబ్దం, వెలుగు, స్పర్శ కొందరికి మరీ ఎక్కువగా తగులుతాయన్న సంగతి 2013లో అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథంలో ఆటిజం లక్షణాల్లో చేరింది. మన దేశంలో 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు, 2016 చట్టంలో చేరింది.

మళ్లీ ఆ వంటింటికే వస్తే, మిక్సీ వేసే ముందు బాబుకు చెప్పాలి. మాట అందకపోతే మిక్సీ బొమ్మ చూపించాలి. పక్క గదిలోకి వెళ్లనివ్వాలి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టొచ్చు. తల కొట్టుకుంటుంటే అరవకుండా తల కింద దిండు పెట్టాలి. ఆ అలవాటు ఉన్నట్టుండి మొదలైతే పంటినొప్పో చెవిపోటో ఉందేమో, ముందు డాక్టరుకు చూపించాలి.