మీరా తార నిజంగా ఆరిపోతుందా?

“నక్షత్రం వెలుగు వెయ్యి రెట్లు పడిపోయిందంటే అది ఆరిపోతున్నట్టే కదా?” అని ఒక పాఠకుడి ప్రశ్న. 2019 చివర్లో ఆర్ద్ర మసకబారిందని వార్తలొచ్చాక ఇలాంటి అనుమానాలు చాలామందికి వచ్చాయి. ఆర్ద్రలో పుట్టినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, దానికి అడ్డొచ్చింది దుమ్ము. ఈ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే తార వేరే ఉంది. తిమింగలం రాశిలోని మీరా.

1596లో డేవిడ్ ఫాబ్రిషియస్ అనే జర్మన్ మతబోధకుడు దాన్ని చూశాడు. కొన్నాళ్లకు కనిపించకుండా పోయింది. 1638లో డచ్ ఖగోళ శాస్త్రవేత్త హోల్వర్డా అది పదకొండు నెలలకోసారి తిరిగొస్తోందని పట్టుకున్నాడు. ఇప్పటి లెక్క సుమారు 332 రోజులు. బాగా వెలిగినప్పుడు ఊళ్లోంచి కూడా కనిపిస్తుంది, తగ్గినప్పుడు టెలిస్కోప్ కావాలి.

తమాషా ఏమిటంటే, పరారుణ కాంతిలో కొలిస్తే ఈ తేడా రెండు మూడు రెట్లే. అంటే పొయ్యి ఆరడం లేదు. మన కంటికి అందే వాటా మాత్రమే ఎక్కడో మింగుడుపడుతోంది. మీరా పైపొర వేడి 3000 కెల్విన్ చుట్టుపక్కల ఉంటుంది. అంత చల్లని తార వెలువరించే శక్తిలో ఎక్కువ భాగం పరారుణమే, మనకు కనిపించేది అంచు ముక్క. వేడి కొన్ని వందల డిగ్రీలు తగ్గినా ఆ అంచు ముక్క బాగా కోసుకుపోతుంది.

అయినా వెయ్యి రెట్లకు ఇదొక్కటే చాలదు. అసలు దొంగ టైటానియం ఆక్సైడ్. ఒక టైటానియం పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు, అంతే. (పెయింట్లలో తెల్లరంగుకు వాడే డయాక్సైడ్ దీనికి అన్నదమ్ముల వరస.) అక్కడ కోటి హైడ్రోజన్ పరమాణువులకు టైటానియం దాదాపు ఒక్కటే. అయినా ఈ అణువు కంటికి కనిపించే రంగుల్ని వరసపెట్టి మింగేస్తుంది. తార ఉబ్బి చల్లబడితే ఇవి పైపొరల్లో పుట్టుకొస్తాయి, కుదించుకుని వేడెక్కితే విడిపోతాయి. ఇంకో మెలిక ఉంది: కార్బన్ ముందుగా ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా కట్టేసుకుంటుంది. ఆక్సిజన్ మిగిలితేనే టైటానియానికి దక్కేది. కార్బన్ ఎక్కువున్న ఎర్ర తారల్లో ఈ కథే ఉండదు.

మరి ఉబ్బడం ఎందుకు? అన్నం గిన్నె మూత చూడండి. ఆవిరి పోగై మూతను లేపుతుంది, తుస్సుమని బయటపడుతుంది, మూత పడుతుంది, మళ్లీ పోగవుతుంది. మీరాలో ఆ మూత, ఉపరితలం కింద హైడ్రోజన్ సగం సగం అయాన్లుగా (ఎలక్ట్రాన్ ఊడిన పరమాణువులుగా) విడిపోయి ఉండే పొర. అది నొక్కుకున్నప్పుడు కాంతికి దారివ్వదు. లోపలి శక్తి కొంత అక్కడ ఆగుతుంది, కొంత ఎలక్ట్రాన్లను ఊడబెరకడానికి ఖర్చవుతుంది. ఒత్తిడి పెరిగి పైపొరలు లేస్తాయి. విస్తరించి చల్లబడగానే ఎలక్ట్రాన్లు తిరిగి అతుక్కుంటాయి, దాచిన శక్తి విడుదలవుతుంది, పొర పలచబడి కాంతి తప్పించుకుంటుంది. పట్టు తప్పిన పైపొరలు బరువుకు కిందికి జారతాయి. ఈ మూత కూడా గిన్నెలోని సరుకే, అదే వాయువు. అందుకే లేచిన ప్రతిసారీ కొంత తిరిగి పడదు, అంతరిక్షంలోకి పోతుంది. అలా వదిలిన వాయువు మీరా వెనక 13 కాంతి సంవత్సరాల తోకగా సాగిందని 2007లో గెలెక్స్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో చూపించింది. మీరా లాంటి ముసలి, ఉబ్బిన ఎర్ర తారను అరుణ దిగ్గజం అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో అరుణ దిగ్గజమంటే సూర్యుడికీ, చివరికి మిగిలే చిన్న తార శ్వేత కుబ్జానికీ మధ్య కదలని ఓ ఎర్ర గుండ్రం బొమ్మ. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మీరా జాతి తారను మనవాళ్లూ కనిపెట్టారు. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులి అనే తార వెలుగు మారుతోందని గుర్తించారు. మద్రాసు నుంచి అది దక్షిణ దిగంతానికి 14 డిగ్రీలకు మించి లేవదు.

మీరాతో ఆ బాధ లేదు. డిసెంబరు సాయంత్రాల్లో కృత్తికలకు నైరుతిగా, బాగా ఎత్తులో ఉంటుంది. అయితే గరిష్ఠ వెలుగు ఏటా నెల రోజులు ముందే వచ్చేస్తుంది. అది ఏప్రిల్, మే ప్రాంతంలో పడిన ఏళ్లలో సూర్యుడి పక్కనే ఉంటుంది కాబట్టి, ఎంత వెలిగినా మనకు దక్కదు.