భుజం ఆపరేషన్‌లో రిట్రాక్టర్లు, ఎముక క్లాంపులు: అపోహలు - వాస్తవాలు

భుజం ఆపరేషన్‌కు వచ్చేవాళ్లు లోపల వేసే ప్లేటు గురించి, కృత్రిమ కీలు గురించి బాగా ఆరా తీస్తారు. టైటానియమా, స్టీలా, ఎన్నేళ్లు మన్నుతుంది అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే. అయితే ఆ ప్లేటును సరైన చోట పెట్టాలంటే ముందు ఎముక కనిపించాలి, విరిగిన ముక్కలు కదలకుండా నిలబడాలి. కండరాలను పక్కకు జరిపి పట్టుకునేవి రిట్రాక్టర్లు. ఎముక ముక్కలను పట్టి ఉంచేవి క్లాంపులు. ఆపరేషన్ అయ్యాక ఇవేవీ ఎక్స్‌రేలో కనిపించవు కాబట్టి వీటి ఊసు ఎవరూ ఎత్తరు. నరం బాగుందా, కండరం కోలుకుందా, ఎముక అతుక్కుందా అన్న మూడింటిలోనూ ఈ పనిముట్లను ఎలా వాడామన్నదానికి పెద్ద వాటా ఉందని భుజం సర్జన్‌గా నా నమ్మకం. పేషెంట్ల దగ్గర, థియేటర్‌లోకి కొత్తగా వచ్చే జూనియర్ల దగ్గర నేను తరచూ వినే మాటలను తీసుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: రిట్రాక్టర్‌ను ఎంత గట్టిగా లాగితే లోపల అంత బాగా కనిపిస్తుంది

జూనియర్లలో ఇది బాగా పాతుకుపోయిన నమ్మకం. సర్జన్ "కనిపించట్లేదు" అనగానే పట్టుకున్నవాళ్లు ఇంకాస్త బలం పెడతారు. భుజంలో ఇది ప్రమాదం.

ముందు నుంచి భుజం తెరిచే దారి డెల్టాయిడ్, పెక్టోరాలిస్ మేజర్ అనే రెండు కండరాల సందులోంచి వెళ్తుంది. ఆ సందులోనే సెఫాలిక్ సిర ఉంటుంది. లోపలికి వెళ్తే కోరకాయిడ్ ఎముక కొన నుంచి కిందికి దిగే ఉమ్మడి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) కనిపిస్తుంది. మోచేతిని మడిచే కండరాలకు వెళ్లే మస్క్యులోక్యుటేనియస్ నరం సాధారణంగా కోరకాయిడ్‌కు 5 నుంచి 8 సెంటీమీటర్ల కింద ఈ టెండన్ తాలూకు కండరంలోకి దూరుతుంది. కొందరిలో ఇంకా పైనే దూరుతుంది. అంటే ఉమ్మడి టెండన్‌ను లోపలి వైపుకు బలంగా లాగిన ప్రతిసారీ ఈ నరం కూడా సాగుతుంది. ఇక డెల్టాయిడ్‌ను నడిపే యాక్సిలరీ నరం కీలు సంచికి సరిగ్గా అడుగున వెళ్తుంది. భుజం కీలులో చేతి ఎముక పైకొన బంతిలా ఉంటుంది, అది ఆనే గుంటను గిన్నె అంటాం; ఆ గిన్నె కింది అంచున పెట్టే రిట్రాక్టర్ కొన దానికి చాలా దగ్గర.

హోమాన్ రిట్రాక్టర్‌నే చూడండి. జర్మన్ ఎముకల వైద్యుడు గియార్గ్ హోమాన్ పేరు మీద వచ్చిన ఈ పనిముట్టు గునపం సూత్రం మీదే పనిచేస్తుంది: పిడి దగ్గర కొంచెం నొక్కితే కొన దగ్గర ఆ బలం ఎన్నో రెట్లవుతుంది. పట్టుకున్న చేతికి ఆ బలం తెలియదు. గుల్లబారిన ఎముకైతే గిన్నె అంచు చిట్లుతుంది, బంతి మీద గుంట పడుతుంది.

మరి కనిపించకపోతే ఏం చేయాలి? మొదట చెయ్యి ఎలా ఉందో చూడాలి. చెయ్యిని కాస్త పక్కకు ఎత్తితే డెల్టాయిడ్ వదులవుతుంది. మోచేతిని మడిచి, భుజాన్ని కొద్దిగా ముందుకు తెస్తే ఉమ్మడి టెండన్ మీద టెన్షన్ తగ్గుతుంది. కింది వైపు కీలు సంచిని విడదీసేటప్పుడు చెయ్యిని ఒంటికి దగ్గరగా ఉంచి బయటికి తిప్పితే యాక్సిలరీ నరం కత్తికి దూరంగా జరుగుతుంది. ఆ తర్వాత కీలు సంచిని విడదీయడం సరిగ్గా జరిగిందా అని చూసుకోవాలి. భుజం మార్పిడిలో (కృత్రిమ కీలు వేసే ఆపరేషన్‌లో) గిన్నె కనిపించకపోవడానికి మామూలుగా కారణాలు మూడు: కీలు సంచిని కింది వైపు చాలినంత విడదీయకపోవడం, బంతిని తక్కువగా కోయడం, అంచున పెరిగిన ఎముక ముళ్లను తీయకపోవడం. ఈ మూడూ సరిచేస్తే రెండు వేళ్ల బలం సరిపోతుంది. సరిచేయకుండా ఇద్దరు మనుషులు లాగినా ఫలితం ఉండదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. భుజం మార్పిడి జరుగుతుండగానే నరాల సంకేతాలను యంత్రంతో గమనించిన పరిశీలనల్లో, చెయ్యిని వెనక్కి వంచి బాగా బయటికి తిప్పి ఉంచినప్పుడు సంకేతాలు తగ్గడం కనిపించింది. చాలావరకు చెయ్యిని మామూలు స్థితికి తెచ్చాకే అవి తిరిగి సర్దుకున్నాయి, రిట్రాక్టర్ తీసినంత మాత్రాన సరిపోలేదు. అందుకే బంతి భాగం పని ముగియగానే, తర్వాతి అడుగు కోసం ఎదురుచూస్తూ కూడా, చెయ్యిని ఆ స్థితిలో వదిలేయకూడదు. థియేటర్‌లో నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఇదొక్కటే.

అపోహ: రిట్రాక్టర్లన్నీ ఒకటే, చేతికి ఏది దొరికితే అది వాడొచ్చు

ఒక్కో దాని కొనకు ఒక్కో పని ఉంది. డారాక్ రిట్రాక్టర్ చదునుగా, మొద్దు అంచుతో ఉంటుంది. డెల్టాయిడ్ కిందికి, బంతి పక్కగా జారవిడవడానికి అది బాగుంటుంది. బ్రౌన్ డెల్టాయిడ్ రిట్రాక్టర్ వెడల్పుగా వంగి ఉంటుంది కాబట్టి ఒత్తిడిని కండరం అంతటా పంచుతుంది. ఫుకుడా రిట్రాక్టర్ కొన ఉంగరంలా తెరిచి ఉంటుంది. గిన్నె వెనక అంచున దాన్ని ఆనించి బంతిని వెనక్కి నెడతాం, మధ్య ఖాళీలోంచి కీలు కనిపిస్తుంది. బ్యాంకార్ట్ రిట్రాక్టర్‌కు చిన్న పళ్లు ఉంటాయి, గిన్నె ముందు మెడ మీద నిలుస్తుంది. భుజం పదేపదే జారిపోవడానికి గిన్నె ముందు అంచు దగ్గరి చిరుగు కారణమని 1923లో వివరించిన బ్రిటిష్ సర్జన్ పేరే దానికి ఉంది.

భుజం మార్పిడిలో బంతిని కోశాక ఫుకుడాను నేరుగా కోసిన ఎముక మీద ఆనిస్తే, మెత్తని ఎముక అణిగిపోతుంది. తర్వాత అదే ఎముకలో కృత్రిమ కీలు కాండం (లోపలికి దిగే కడ్డీ) కూర్చోవాలి. అందుకే కోసిన ముఖం మీద రక్షణ పళ్లెం పెట్టి, ఆ తర్వాతే రిట్రాక్టర్ పెడతాం. ఈ అడుగుకు పట్టే సమయం చాలా తక్కువ.

అపోహ: సెల్ఫ్ రిటైనింగ్ రిట్రాక్టర్ పెడితే నిశ్చింత

కోల్బెల్ లాంటివి తమంతట తామే తెరిచి నిలబడతాయి. పట్టుకునే మనిషి అక్కర్లేదు, చెయ్యి అలసిపోదు, వణకదు. ఇంతవరకు నిజమే. చిక్కు కూడా అందులోనే ఉంది. మనిషి పట్టుకుంటే అలసిపోయి మధ్యమధ్యలో వదులు చేస్తాడు, కండరానికి రక్తం అందుతుంది. ఇది వదలదు. బ్లేడ్ లోపలి వైపు ఉమ్మడి టెండన్ కింద మరీ లోతుగా దిగితే నరం మీద ఆగకుండా ఒత్తిడి పడుతుంది. కాబట్టి తక్కువ లోతు బ్లేడ్ ఎంచుకోవాలి, చూపు అక్కర్లేని ప్రతి దశలోనూ ఒకసారి వదులు చేయాలి. ఇంప్లాంట్ సైజు కోసం, సిమెంట్ గట్టిపడటం కోసం ఎదురుచూసే నిమిషాలు దీనికి సరిగ్గా సరిపోతాయి.

అపోహ: కోత ఎంత చిన్నదైతే భుజానికి అంత మేలు

కొంత నిజం, కొంత అబద్ధం. తగినంత అనుభవంతో చేసిన చిన్న కోత మంచిదే. కానీ చిన్న కోతలోంచి పెద్ద పని చేయాలని రిట్రాక్టర్లతో చర్మం అంచులను నలిపితే ఆ అంచులు నల్లబడతాయి, మానడం ఆలస్యమవుతుంది. రెండు సెంటీమీటర్లు పొడుగు పెరిగితే మచ్చ కాస్త పెరుగుతుంది, అంతే. డెల్టాయిడ్‌ను పక్కనుంచి చీల్చి వెళ్లే పద్ధతిలో మాత్రం కిందికి పొడిగించడానికి హద్దుంది. యాక్సిలరీ నరం అక్రోమియన్ (భుజం పైన కప్పులా ఉండే ఎముక) అంచుకు దాదాపు 5 సెంటీమీటర్ల కింద కండరాన్ని అడ్డంగా దాటుతుంది. అక్కడ రిట్రాక్టర్ లాగుడుకు చీలిక తనంతట తానే కిందికి సాగకుండా చివరన ఒక కుట్టు వేసి ఉంచాలి.

అపోహ: ఆపరేషన్ తర్వాత చెయ్యి మొద్దుబారితే నరం తెగినట్టే

మెడ పక్కన ఇచ్చే మత్తు ఇంజెక్షన్ ప్రభావం చాలామందిలో 12 నుంచి 24 గంటలు ఉంటుంది. ఆ సమయంలో చెయ్యి ఎత్తలేకపోవడం, వేళ్లు మొద్దుబారడం మామూలే. మత్తు దిగాక కూడా భుజం పక్కన చర్మం మొద్దుగా ఉండి డెల్టాయిడ్ బిగియకపోతే యాక్సిలరీ నరాన్ని, మోచెయ్యి మడవలేక ముంజేతి బయటి వైపు మొద్దుగా ఉంటే మస్క్యులోక్యుటేనియస్ నరాన్ని అనుమానిస్తాం. సాగడం వల్లో, ఒత్తిడి వల్లో వచ్చే ఇలాంటి బలహీనతలో నరం తెగి ఉండదు. చాలావరకు వారాల్లో, కొన్నిసార్లు నెలల్లో తిరిగి వస్తుంది. మూడు నాలుగు వారాలకూ మార్పు లేకపోతే నరాల పరీక్ష చేయిస్తాం.

మీరు దాచకుండా చెప్పడం ముఖ్యం. "అదే తగ్గుతుందిలే" అని ఊరుకోవద్దు. మత్తు ఇవ్వకముందే ఈ కండరాలన్నీ పనిచేస్తున్నాయా అని పరీక్షించి రాసి పెట్టమని మీ డాక్టర్‌ను అడగండి. విరిగిన భుజంలో, జారిన భుజంలో నరం దెబ్బ ప్రమాదం జరిగినప్పుడే తగిలి ఉండొచ్చు. ముందు రాసుకోకపోతే ఏది ఎప్పుడు వచ్చిందో తర్వాత తేల్చలేం.

అపోహ: క్లాంప్ ఎంత బిగిస్తే ఎముక అంత గట్టిగా అతుక్కుంటుంది

ఎముకను అతికించేది రక్త ప్రసరణ. క్లాంప్ చేసే పని, ప్లేటు, స్క్రూలు పడేదాకా ముక్కలను సరైన వరసలో నిలబెట్టడం. రాట్చెట్ (ఒక్కో పన్ను చొప్పున బిగిసి నిలిచే పళ్ల పట్టీ) ఉన్న క్లాంప్‌లో ఒక్క పన్ను ఎక్కువ బిగిస్తే ముక్కలు ఒకదాని మీదికొకటి జారొచ్చు, కొత్త పగులు రావొచ్చు. వెడల్పు దవడల క్లాంప్ పెట్టాలంటే ఎముక చుట్టూ పొరను చాలా మేర లేపాలి, ఆ పొర ద్వారా వచ్చే రక్తం పోతుంది. సూదికొనల వెబర్ క్లాంప్‌కు రెండు చుక్కలంత చోటు చాలు. అందుకే కాలర్ బోన్‌లో ఏటవాలు విరుపుకు నా మొదటి ఎంపిక అదే. వెర్బ్రుగ్గె లాంటివి ప్లేటును ఎముకకు ఆనించి పట్టడానికి పనికొస్తాయి. కాలర్ బోన్ లోపలి సగంలో ఏ క్లాంప్ పెట్టినా కింది కొన ఎక్కడికి వెళ్తుందో తెలిసి ఉండాలి. సబ్‌క్లేవియన్ సిర ఆ వెనకే ఉంటుంది, కొన ఎముకను అంటిపెట్టుకునే సాగాలి.

భుజం బంతి దగ్గర విరిగితే లెక్క మారుతుంది. వయసు పైబడినవాళ్లలో ట్యుబరాసిటీ (బంతి పక్కన టెండన్లు అతుక్కునే ఎముక బొడిపె) ముక్కలు పల్చగా, మెత్తగా ఉంటాయి. క్లాంప్ పడితే నుజ్జవుతాయి. అక్కడ ఎముకను అసలు పట్టుకోం. ఎముకకు అతుక్కున్న రొటేటర్ కఫ్ (బంతి చుట్టూ ఉండి భుజాన్ని తిప్పే కండరాల గుంపు) టెండన్‌లో దారాలు వేసి, ఆ దారాలతో ముక్కలను దారిలోకి తెస్తాం. ఎముక కన్నా టెండనే అక్కడ గట్టిది.

బంతికి రక్తం ఎటునుంచి వస్తుందన్న విషయంలో మా రంగంలోనే అవగాహన మారింది. ముందు వైపు సర్కమ్‌ఫ్లెక్స్ ధమనే ప్రధానమని చాలాకాలం చదువుకున్నాం. 2010లో వచ్చిన ఎంఆర్ఐ అధ్యయనం బంతికి 64 శాతం రక్తం వెనక వైపు ధమని నుంచే వస్తోందని లెక్కగట్టింది. క్లాంపునో రిట్రాక్టర్‌నో బంతి వెనక్కి తోసేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

అపోహ: క్లాంపులు లోపలే ఉంచి కుట్టేస్తారు

లేదు. స్క్రూలు పడగానే తీసేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ భద్రతా చెక్‌లిస్టులో పేషెంట్ థియేటర్ దాటకముందే పనిముట్లు, గాజుగుడ్డలు, సూదులు లెక్క సరిపోయిందని నోటితో చెప్పడం ఒక అంశం. ఆ లెక్క చూసే స్క్రబ్ నర్స్ "ఆగండి" అంటే ఎంత పెద్ద సర్జన్ అయినా ఆగాల్సిందే.

అపోహ: ఆటోక్లేవ్‌లో పెట్టి తీస్తే చాలు

121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు, 134 డిగ్రీల్లో కనీసం 3 నిమిషాలు అన్నది మామూలు లెక్క. అయితే ఆవిరి తాకిన చోటే క్రిములు చస్తాయి. క్లాంప్ కీలులో, రాట్చెట్ పళ్ల మధ్య ఎండిన రక్తం ఉంటే దాని కింద ఆవిరి చేరదు. అందుకే వాడిన వెంటనే తడిగా ఉంచాలి, కీళ్లు తెరిచి బ్రష్‌తో కడగాలి, అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయాలి. సెలైన్‌లో నానబెట్టకూడదు, అందులోని క్లోరైడ్ స్టీల్ మీద చిన్న గుంటలు తినేస్తుంది. మామూలు నూనె రాస్తే ఆవిరి లోపలికి పోదు, నీటిలో కరిగే లూబ్రికెంట్ వాడాలి.

పనిముట్టు ఎంత శుభ్రంగా ఉన్నా భుజానికి ఇంకో బెడద ఉంది. క్యూటిబాక్టీరియం ఆక్నేస్ అనే క్రిమి చర్మం నూనె గ్రంథుల్లో లోతుగా ఉంటుంది, పైన రాసే మందు అక్కడికి పూర్తిగా చేరదు. రిట్రాక్టర్ కోసిన చర్మం అంచును రాసుకుంటూ లోపలికి వెళ్తే దాన్ని మోసుకెళ్లొచ్చు. ఆపరేషన్‌కు ముందు రోజుల్లో బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రాయమని చాలామంది చెప్పేది దీని కోసమే.

ఇక సెట్ సర్దేవాళ్లకు ఒక మాట. క్లాంప్‌ను మొదటి పన్ను మీద బిగించి, పిడిని మరో చేతి మీద మెల్లగా తట్టి చూడండి. తెరుచుకుందంటే రాట్చెట్ అరిగిందని అర్థం. సూదికొనలు రెండూ ఎదురెదురుగా కలుస్తున్నాయా, హోమాన్ కొన వంగిందా, కీలు దగ్గర సన్నని పగులు ఉందా అని వెలుతురులో చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పనిముట్టును అప్పుడే సెట్‌లోంచి తీసి రిపేర్‌కు పంపండి.