రేకుల నీడ, వేప నీడ

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న నన్ను చాలా రోజులుగా వదలడం లేదు. "పబ్లిక్ గార్డెన్‌లో చెట్టు కింద కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది, రేకుల షెడ్డు కింద ఉడికిపోతాం. రెండూ నీడలే కదా, ఈ తేడా ఎందుకు?" చెట్లు ఆక్సిజన్ ఇస్తాయి కాబట్టి అని చాలామంది చెబుతారు, బడిలో నేర్పేదీ అదే. కానీ గాలిలో ఇప్పటికే 21 శాతం ఆక్సిజన్ ఉంది, ఒక పార్కు వల్ల అది చెప్పుకోదగినంత పెరగదు. రావిచెట్టు రాత్రంతా ఆక్సిజన్ వదులుతుందన్న మాటా, చింతచెట్టు కింద పడుకుంటే దయ్యం గుండెల మీద కూర్చుంటుందన్న మాటా ఒకే కోవకు చెందిన నమ్మకాలు.

అసలు జవాబు మన ఇంటి మూలనున్న రంజన్‌లో, అంటే మంచినీళ్ల మట్టికుండలో ఉంది. ఎండాకాలం దాన్ని తడిమితే అరచేతికి చెమ్మ తగులుతుంది. మట్టిలోని సన్నని రంధ్రాల గుండా ఊరిన నీరు, ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీటి నుంచే లాక్కుంటుంది. వేపచెట్టు కూడా ఒక రంజనే. దాని రంధ్రాలు ఆకుల అడుగున ఉంటాయి. లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 24 లక్షల జౌల్స్ (వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. నీరు బాగా అందే పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు వదిలిందనుకుంటే, అది పీల్చుకునే వేడి ఒకటిన్నర టన్నుల ఏసీ 12 గంటలకు పైగా ఆగకుండా తోడే వేడితో సమానం. ఏసీ ఆ వేడిని పక్కింటి కిటికీ మీదికి ఊదుతుంది, చెట్టు ఆవిరిలో పెట్టి పైకి పంపుతుంది. వానాకాలం రంజన్ నీళ్లు చల్లబడనట్టే, గాలి తేమగా ఉన్నప్పుడు చెట్టు చలవ కూడా తగ్గుతుంది.

రేకుకు ఈ చెమట లేదు. ఎండలో రంగు రేకు 60 డిగ్రీలకు చేరితే, చదరపు మీటరుకు ఉజ్జాయింపుగా 650 వాట్ల పరారుణ (కంటికి కనిపించని కిరణాల) వేడిని మన నెత్తి మీదికి వదులుతుంది. 42 డిగ్రీల దగ్గర నిలిచే ఆకు వదిలేది సుమారు 530 వాట్లు. వెలువడే వేడి పరమ ఉష్ణోగ్రత (డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) నాలుగో ఘాతాన్ని బట్టి, అంటే ఆ అంకెను నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టే ఇంత తేడా. ఆ అదనపు వేడిని వదిలించుకోవడానికి గుండె చర్మం వైపు మరింత రక్తాన్ని తోయాలి, ఒళ్లు మరింత చెమట కార్చాలి. గుండె జబ్బున్నవారికి, ముసలివారికి, గర్భిణులకు ఇది మోయలేని భారం. రేకుల ఇళ్లలో ఉండేవారికి మధ్యాహ్నం నాలుగడుగుల దూరంలో చెట్ల నీడ ఉండటం వైద్య అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నీడ ఉన్నచోటే ఒంటరి పెద్దవాళ్లు నలుగురితో కూర్చుంటారు, ఒకరోజు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లు ఉంటారు.

నేల ఎండిపోతే చెట్టు నీటిని కాపాడుకోవడానికి పత్రరంధ్రాలను మూసేస్తుంది, చలవ ఆగిపోతుంది. వరంగల్ భద్రకాళి చెరువు లాంటి చోట గట్టు చెమ్మ వేర్లకు అందుతుంది కానీ, ఊరి నడుమ పార్కుల్లో అందం కోసం చెట్ల మొదళ్ల దాకా టైల్స్ పరిచి నేలలోకి నీరు ఇంకకుండా చేస్తున్నారు. రంజన్‌కు బయట రంగు పూస్తే నీళ్లు చల్లబడవని మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలుసు. చెట్టు మొదట్లో సిమెంటు పోయడం కూడా అలాంటిదే. చుట్టూ గజం మేర మట్టిని వదిలి, పాదు చేసి, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోస్తే చాలు, ఆ రంధ్రాలు మళ్లీ తెరుచుకుంటాయి.