ఒకవైపు బరువు, మరోవైపు రాజు

ప్రాచీన ఖోటాన్ రాజ్యపు రాగి నాణెం. మధ్యలో నడుస్తున్న గుర్రం, దాని చుట్టూ కుడి నుంచి ఎడమకు సాగే ఖరోష్ఠీ (గాంధార ప్రాంతపు పాత లిపి) అక్షరాలు: ‘మహరజస రజతిరజస మహతస…’. ఖరోష్ఠీలో దీర్ఘాలు రాసే అలవాటు లేదు కాబట్టి ‘మహరజ’ అని కనిపిస్తుంది కానీ, అది మనకు బాగా తెలిసిన మహారాజే. భాష గాంధార ప్రాకృతం. నాణెం తిప్పితే చైనా అక్షరాలు. వాటిలో రాజు ఊసే లేదు. ‘బరువు ఇరవై నాలుగు ఝూ, రాగి నాణెం’ అని మాత్రమే ఉంటుంది. ఝూ అంటే పాత చైనా తూకపు కొలత.

నేటి పశ్చిమ చైనాలోని తక్లమకాన్ ఎడారి దక్షిణపు అంచున, జేడ్ రాళ్లు దొరికే రెండు నదుల నడుమ వెలసిన ఖోటాన్ రాజ్యానివి ఈ నాణేలు. 1870లలో బ్రిటిష్ ఇండియా పంపిన ఫోర్సైత్ దౌత్య బృందం ఆ ప్రాంతంలోని యార్కండ్ నగరానికి వెళ్లి వచ్చాక యూరప్ పండితుల కంట పడ్డాయి. క్రీ.శ. 1వ శతాబ్దం నుంచి 2వ శతాబ్దం తొలినాళ్ల మధ్య వీటిని ముద్రించారని బ్రిటిష్ మ్యూజియం నాణేల నిపుణుడు జో క్రిబ్ లెక్కగట్టాడు. వీటి మీద కనిపించే రాజుల పేర్లు ఎక్కువగా ‘గుర్గ’ అని మొదలవుతాయి. చైనా చరిత్రకారులు రాసిన ఖోటాన్ రాజుల పేర్లతో అవి సూటిగా కలవవు.

నన్ను ఆకట్టుకున్నది రెండు లిపులు ఉండటం కాదు, అవి రెండు వేర్వేరు సంగతులు చెప్పడం. అదే కాలానికి అటూ ఇటూగా మన శాతవాహనులు వేయించిన వెండి నాణేలు చూడండి. రాజు ముఖం చుట్టూ ప్రాకృతంలో ‘సిరి పుళుమావిస’, వెనకవైపు దక్షిణాది భాషలో ‘తిరు పుళుమావికు’. ఆ ‘కు’ తెలుగుదా, తమిళానిదా అన్న తగవు అలా ఉంచితే, రెండు వైపులా ఉన్నది రాజు పేరే. ఇండో-గ్రీకు నాణేలదీ అదే పద్ధతి: ఒకవైపు గ్రీకులో ‘బసిలెయోస్’ (రాజుది), మరోవైపు ఖరోష్ఠీలో ‘మహరజస’. ఆ అనువాదం పుణ్యమా అనే 1830లలో ప్రిన్సెప్, లాసెన్ వంటి పండితులు ఖరోష్ఠీని చదవగలిగారు. ఖోటాన్ నాణెం మీద అనువాదం లేదు. ఆ పని దీనితో అయ్యేది కాదు.

కారణం అలవాట్లలో ఉంది. చైనాలో నాణెమంటే తూకం. క్రీ.పూ. 118 నుంచి హాన్ సామ్రాజ్యంలో చెల్లిన నాణెం పేరే ‘అయిదు ఝూ’. దాని మీద రాసి ఉండేదీ అదే. పడమటి వర్తకుడికి మాత్రం నాణెం ఎవరు వేయించారన్నదే భరోసా. ఖోటాన్ టంకశాల ఎవరికి కావలసింది వారికి చెప్పింది.

తూకంలోనూ అదే నేర్పు. 24 ఝూలంటే చైనా లెక్కలో ఒక లియాంగ్, 15 గ్రాములకు కాస్త ఎక్కువ. గ్రీకుల నుంచి కుషాణుల సీమకు వచ్చిన నాలుగు డ్రాక్మాల నాణెం సుమారుగా అంతే తూగాలి. చిన్న నాణెం 6 ఝూలు, అంటే నాలుగో వంతు, ఇంచుమించు ఒక డ్రాక్మా. రెండు తూకాలూ కలిసే చోటును ఎవరో లెక్క తెలిసినవాడే పట్టుకుని ఉంటాడు. తయారీ మాత్రం పడమటిదే. చైనా నాణేన్ని మూసలో పోసి మధ్యలో చదరపు రంధ్రం ఉంచేవారు, దండలుగా గుచ్చుకునేవారు. దీన్ని అచ్చుతో కొట్టారు, రంధ్రం లేదు. చైనా వర్తకుడు తన దండలో గుచ్చుకోలేడు.

రెండు పెద్ద శక్తుల మధ్య మెలగడం ఖోటాన్‌కు తప్పనిసరి. క్రీ.శ. 73లో హాన్ సేనాని బాన్ చావో అక్కడికి వచ్చినప్పుడు, ఆయన గుర్రాన్ని దేవతకు బలి ఇవ్వాలని ఆస్థాన మాంత్రికుడు పట్టుబట్టాడట. ‘వచ్చి తీసుకుపొమ్మను’ అని కబురు పెట్టి, వచ్చిన మాంత్రికుడి తల నరికి రాజుకు పంపాడు బాన్ చావో. రాజు గ్వాంగ్‌దె హడలిపోయి, తన దగ్గరున్న, హాన్‌ల శత్రువులైన షియోంగ్‌ను సంచార జాతి దూతను చంపించి హాన్ పక్షం చేరాడు. కొన్ని నాణేల మీద గుర్రం బదులు ఒంటె ఉండటానికీ ఈ కథకూ సంబంధం లేదు లెండి. ఎడారి దాటే సరుకంతా ఒంటెల మీదే కదా.

ఇంతకీ ఖోటాన్ ప్రజల సొంత భాష ఇరానీ కుటుంబానికి చెందిన శకభాష. తర్వాతి శతాబ్దాల్లో దాన్ని బ్రాహ్మీ లిపిలో రాసుకున్నారు, బౌద్ధ గ్రంథాలు ఎన్నో మిగిలాయి. ఈ నాణేల మీద మాత్రం అది ఏ వైపునా లేదు.