ట్యాంకు కడిగే మనిషికి కట్టే తాడు

గుంటూరు పత్తిగింజల నూనె మిల్లుల్లో ట్యాంకులు కడిగేవాళ్లకైనా, విజయవాడ ఆటోనగర్‌కు మరమ్మతుకొచ్చే ట్యాంకర్లు ఎక్కేవాళ్లకైనా రెండు గండాలుంటాయి. ఒకటి లోపలి గాలి, రెండోది కాలు జారడం. గాలి గురించి అంతో ఇంతో మాట్లాడుతున్నాం. ఎవరైనా పడిపోతే మాత్రం ‘చూసుకుని ఎక్కాల్సింది’ అనేస్తున్నాం. ఇది అన్యాయం. ఈ తేడాకు మూలం చట్టం పెరిగిన తీరులోనూ కనిపిస్తుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం 33వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన ట్యాంకులకు, సంపులకు, గోతులకు గట్టి మూతో, కంచో ఉండాల్సి ఉండేది. పనికోసమే ఆ మూత తీసి దిగేవాడి సంగతేమిటి? ఎత్తున పనిచేసే మనిషి పడకుండా ఏర్పాటు చేయాలన్న మాట 1976 సవరణతో గానీ 32వ సెక్షన్‌లో చేరలేదు. అదీ ‘సాధ్యమైనంత వరకు’ అన్న మెలికతోనే.

1984లో భోపాల్ దుర్ఘటన జరిగింది. ఆ తర్వాత 1987లో ఇదే చట్టం 36వ సెక్షన్‌ను ఇలా తిరగరాశారు. ప్రమాదకర వాయువులుండే ట్యాంకులోకి మనిషిని దింపాలంటే ముందు ఆ గాలిని తొలగించాలి. తర్వాత అర్హత ఉన్న వ్యక్తి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదంటే దిగేవాడు శ్వాస పరికరం పెట్టుకోవాలి, బెల్టుకు తాడు కట్టుకోవాలి, ఆ తాడు కొసను బయట ఒకరు పట్టుకోవాలి అన్నారు.

ఆ తాడు ఉన్నది స్పృహ తప్పినవాణ్ణి లాగడానికి. పడుతున్న మనిషిని చేత్తో పట్టుకున్న తాడు ఆపలేదు. ఎక్కడైనా కట్టి ఉంచినా, నడుం బెల్టు ఒక్కటే ఉంటే కుదుపంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. అందుకే భుజాలు, ఛాతీ, తొడల చుట్టూ వచ్చే హార్నెస్ కావాలి. మ్యాన్‌హోల్ పైన మూడుకాళ్ల స్టాండు, మనిషిని పైకి లాగే వించి కావాలి.

సెక్షన్లు వేరైనా ట్యాంకులో ఈ రెండు గండాలూ కలిసే వస్తాయి. మడ్డి పట్టిన నిచ్చెన మీద ఉండగా కళ్లు తిరిగితే పట్టు వదిలేస్తాడు. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ట్యాంకులోకి దిగిన ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. పడిపోయినవాణ్ణి పైనుంచే లాగగలిగే ఏర్పాటుంటే, కాపాడాలని ఇంకొకరు లోపలికి దిగాల్సిన అవసరం రాదు.

2025 నవంబరులో ఫ్యాక్టరీల చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్‌లో, కరెంటుతో నడిచే చోటును ఫ్యాక్టరీ అనడానికి ఉండాల్సిన కార్మికుల సంఖ్యను 10 నుంచి 20కి పెంచారు. నలుగురైదుగురితో నడిచే చిన్న షెడ్లు మామూలుగా పాత చట్టం లెక్కలోకే రాలేదు. ట్యాంకరు మీదికెక్కి మూత తీసే పని అక్కడా అదే.