జపాన్ ఆర్‌పీజీలకు అభిమానుల ఇంగ్లిష్ అనువాదాలు: అపోహలు - వాస్తవాలు

జపాన్‌లో మాత్రమే విడుదలై, ఆ భాష రానివాళ్లకు అందకుండా ఉండిపోయిన రోల్ ప్లేయింగ్ గేమ్‌లు (ఆర్‌పీజీలు, అంటే ఒక పాత్రగా కథలో నడుస్తూ ఆడేవి) చాలా ఉన్నాయి. వాటిని అభిమానులే ఇంగ్లిష్‌లోకి తెచ్చే పనిలో నేను పదేళ్లుగా ఉన్నాను. జపనీస్ డైలాగులను ఇంగ్లిష్‌లో రాయడం, తర్వాత గేమ్‌ని మొదటి నుంచి చివరిదాకా ఆడి అవి ఎలా కనిపిస్తున్నాయో చూడడం నా వంతు. ఈ పని గురించి చెప్తే ఆఫీసులో స్నేహితులు, టీంలో చేరతామని వచ్చే పిల్లలు దాదాపు ఒకే మాటలు అంటుంటారు. వాటికి ఒకసారి కూర్చుని జవాబు రాయాలనిపించింది.

అపోహ: జపనీస్ వస్తే చాలు, పని అయిపోయినట్టే

భాష బాగా వచ్చినవాళ్లే మొదట ఇక్కడ ఆగిపోతారు. ఒక పాత్ర కోపంగా "ఒమాఎ ని నాని గ వకరు!" అంటుంది. కనాలో, అంటే జపనీస్ లిపిలో, రాస్తే పది అక్షరాలు. తెలుగులో "నీకేం తెలుసు!" అంటే సరిపోతుంది. 'ఒమాఎ'లో ఉన్న కరుకుదనం కూడా ఆ 'నీకు'లో వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో 'వాట్ వుడ్ యు నో అబౌట్ ఇట్?' అని రాస్తే ఖాళీలతో కలిపి 29 అక్షరాలు. లైనుకు 16 గళ్లు, పెట్టెకు మూడు లైన్లు ఉన్న పాత గేమ్‌లో ఈ ఒక్క అరుపే రెండు లైన్లు తీసుకుంటుంది. దాని వెనక ఇంకో రెండు వాక్యాలు ఉంటే ఇక చోటు లేదు.

అందుకే మా టీంలో ప్రోగ్రామర్ లేకుండా ఏ ప్రాజెక్టూ ముందుకు కదలదు. కనా అక్షరాలన్నీ ఒకే వెడల్పు గళ్లలో కూర్చుంటాయి. అవే గళ్లలో ఇంగ్లిష్ పెడితే అక్షరాలు దూరదూరంగా కనిపిస్తాయి. అసెంబ్లీ కోడ్ (యంత్రానికి నేరుగా ఇచ్చే ఆదేశాలు) తిరగరాసి, సన్నని 'ఐ'కి మూడు చుక్కల వెడల్పు, 'డబ్ల్యు'కి ఎనిమిది వచ్చేలా చేయాలి. ఈ ఒక్క మార్పుకే నెలలు పట్టిన సందర్భాలు నాకు తెలుసు.

చిరునామాల సమస్య ఇంకొకటి. ప్రతి డైలాగూ మెమరీలో ఎక్కడ మొదలవుతుందో గేమ్ ఒక పట్టికలో రాసుకుని ఉంటుంది. మొదటి డైలాగు ఆరు అక్షరాలు పెరిగితే, దాని తర్వాతవన్నీ ఆరు స్థానాలు జరుగుతాయి. పట్టిక సరిచేయకపోతే రాజుగారు మాట్లాడాల్సిన చోట కొట్టువాడి మాటలు సగం నుంచి మొదలవుతాయి.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది వాక్యం వరుస. నిధి పెట్టె తెరిస్తే జపనీస్‌లో "తారో వ యకుసో ఒ తెనిఇరెత" అని వస్తుంది. గేమ్ ముందు పాత్ర పేరు, తర్వాత వస్తువు పేరు, చివర క్రియ అతికిస్తుంది. తెలుగులో "తారో మూలికను సంపాదించాడు". అదే వరుస, ఒక్క ముక్కా జరపక్కర్లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం క్రియ మధ్యలోకి రావాలి, వస్తువు ముందు 'ఎ' పెట్టాలా 'యాన్' పెట్టాలా అని గేమ్‌కే తెలియాలి. అంటే మళ్లీ కోడ్ మార్చాలి. అలాగని తెలుగుకి చిక్కులు లేవని కాదు. పేరు ఆడపిల్లదైతే 'సంపాదించింది' అనాలి. జపనీస్ క్రియకు ఆ గొడవే లేదు.

అపోహ: ఇప్పుడు మెషీన్ ట్రాన్స్‌లేషన్ ఉంది కదా

గేమ్ నుంచి బయటికి తీసిన స్క్రిప్టులో చాలాసార్లు ఎవరు ఎవరితో అంటున్నారో ఉండదు. 'దైజోబు' అని ఒక్క మాట ఉంటుంది. అది 'బాగానే ఉన్నావా?' కావచ్చు, 'నాకేం కాలేదు' కావచ్చు, 'వద్దులెండి' కూడా కావచ్చు. ఆ సన్నివేశం దాకా ఆడి చూసినవాళ్లకే తెలుస్తుంది.

1992లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 5లో ఫారిస్ అనే సముద్రపు దొంగల నాయకుడు ఉంటాడు. 30 ఏళ్లు దాటిన కథ కాబట్టి చెప్పేస్తున్నాను: ఆమె మగవాడిలా బతుకుతున్న అమ్మాయి. తన గురించి 'ఒరె' (మగవాళ్లు వాడే 'నేను') అని మగరాయుడిలా చెప్పుకుంటుంది. జపనీస్ వాక్యంలో కర్తను వదిలేయవచ్చు, క్రియకు లింగం లేదు కాబట్టి రహస్యం సులువుగా దాగుతుంది. ఇంగ్లిష్‌లో ప్రతి 'హి', 'షి' దగ్గర ఆగి ఆలోచించాలి. నా కంటే ముందు ఈ గేమ్ మీద కూర్చున్నవాళ్లను తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. ఆర్‌పీజీఈ అనే బృందం 1990ల చివర్లో దీన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చింది. అధికారిక ఇంగ్లిష్ 1999లో గానీ రాలేదు.

అపోహ: ఇదంతా పైరసీయే

మేం గేమ్‌ను పంచం. మేం విడుదల చేసేది ప్యాచ్. అసలు గేమ్‌కీ మేం మార్చినదానికీ మధ్య ఉన్న తేడాలు మాత్రమే అందులో ఉంటాయి. గేమ్ మీ దగ్గర లేకపోతే ఆ ఫైలుతో ఏమీ చేయలేరు.

అయితే "కాబట్టి పూర్తిగా చట్టబద్ధమే" అనేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. మన దేశంలోని 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చూసినా, ఒక రచనను అనువదించే హక్కు ఆ హక్కుదారుదే. హక్కుదారు ఆపమంటే ఆపాలి. ప్యాచ్‌కు డబ్బులు తీసుకునే టీంలతో నేను పని చేయను. కొత్తగా వచ్చేవాళ్లకు మొదటి రోజే ఈ రెండు విషయాలూ చెప్తాను.

అపోహ: కంపెనీలు ఎప్పుడూ అడ్డుపడతాయి

రెండు రకాలూ జరిగాయి. ఫైనల్ ఫాంటసీ టైప్-0కు అభిమానులు చేసిన ప్యాచ్ 2014లో వచ్చింది, ఆ గేమ్ తీసిన స్క్వేర్ ఎనిక్స్ కంపెనీ అభ్యంతరంతో కొన్ని వారాల్లోనే తీసేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ గేమ్ అధికారికంగా ఇంగ్లిష్‌లో విడుదలైంది. ఇంకోవైపు, జియోఫ్రంట్ అనే బృందం ట్రెయిల్స్ ఫ్రమ్ జీరోకు 2020లో, ట్రెయిల్స్ టు అజ్యూర్‌కు 2021లో ప్యాచ్‌లు విడుదల చేసింది. గేమ్‌లు ప్రచురించే ఎన్ఐఎస్ అమెరికా సంస్థ వాళ్లతోనే ఒప్పందం చేసుకుని, వాళ్ల అనువాదం ఆధారంగా ఆ గేమ్‌లను 2022, 2023ల్లో అమ్మకానికి తెచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా గ్రూపులో అందరం పండగ చేసుకున్నాం.

2006లో నింటెండో కంపెనీ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు వచ్చిన మదర్ 3ది మూడో దారి. వృత్తిరీత్యా అనువాదకుడైన క్లైడ్ మాండెలిన్ ముందుండి నడిపిన బృందం 2008 అక్టోబర్‌లో ప్యాచ్ ఇచ్చింది. తన అనువాదాన్ని ఉచితంగా వాడుకోమని ఆయన నింటెండోకు బహిరంగంగానే చెప్పారు. అధికారిక ఇంగ్లిష్ మాత్రం రాలేదు.

అపోహ: అధికారిక అనువాదం కంటే అభిమానులదే మేలు

ఈ మాట మాలాంటి అభిమాన అనువాదకులే ఎక్కువ అంటారు. అన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 1994లో ఫైనల్ ఫాంటసీ 6ను ఇంగ్లిష్‌లోకి తేవడానికి టెడ్ వూల్సీకి దొరికింది 30 రోజులు. గేమ్ ఉండే కార్ట్‌రిడ్జ్‌ చిప్‌లో చోటు చాలక ఎంతో కత్తిరించాల్సి వచ్చింది. మాకు గడువు లేదు, ఒక వాక్యం మీద వారం కూర్చోవచ్చు. ఆ వెసులుబాటు ఉండి కూడా కొన్ని పాత ప్యాచ్‌లలో అసలు లేని బూతులు చేర్చినవాళ్లున్నారు. పేరు చివర గౌరవంగా తగిలించే ప్రతి 'సామా'నీ 'సెంపై'నీ అలాగే వదిలేసి అదే నిజాయితీ అనుకున్నవాళ్లూ ఉన్నారు. 'ఆయన', 'వాడు' మధ్య దూరం తెలిసిన మనకు, గౌరవం ఒక్క తోకలోనే ఉండదని వేరే చెప్పాలా? అది వాక్యం మొత్తంలో తెలియాలి.

అపోహ: అధికారికంగా వచ్చేస్తే ఆ శ్రమంతా వృథా

1995 నాటి సెయికెన్ డెన్సెత్సు 3 అనే గేమ్‌కి అభిమానుల ప్యాచ్ 2000లో వచ్చింది. అధికారిక ఇంగ్లిష్ 2019లో. మధ్యలో 19 ఏళ్లు. ఒక పిల్లవాడు పుట్టి కాలేజీకి వెళ్లేంత కాలం ఆ కథ ఇంగ్లిష్‌లో బతికింది ఆ ప్యాచ్ వల్లే.

అపోహ: ప్యాచ్ విడుదలైతే పని ముగిసినట్టే

మేం చేసిన ఒక గేమ్‌లో చనిపోతున్న ముసలావిడ మనవడితో చివరిమాట చెప్తుంది. డైలాగుల మధ్య 'బటన్ నొక్కేదాకా ఆగు' అనే కంట్రోల్ కోడ్‌లు ఉంటాయి. చోటు సర్దే తొందరలో ఆ వాక్యం చివర ఉన్న కోడ్‌ను నేను చెరిపేశాను. ముగ్గురు టెస్టర్లకు అప్పటికే ఆ మాటలు నోటికి వచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. విడుదలైన రెండో వారంలో ఒకాయన మెయిల్ రాశారు: "అవ్వ ఏదో చెప్పింది, చదివేలోపే పోయింది. ఏమందో చెప్తారా?"

ఆ మాట ఆయనకు రాసి పంపాను. రాత్రి కూర్చుని ఆ కోడ్ తిరిగి పెట్టి, ఆ ఇంట్లోకి మళ్లీ వెళ్లి, బటన్ నొక్కకుండా కాసేపు చూశాను. అవ్వ మాట తెరమీద అలాగే నిలబడింది. తెల్లారాక సరిచేసిన ప్యాచ్, 1.1, విడుదల చేశాం.