పాట చిన్నగా, రోడ్డు పెద్దగా వినబడాలి

పర్లాకిమిడి,
గజపతి జిల్లా.

బండి తాళాలు కొత్తగా చేతికొచ్చిన మన పిల్లలకు,

ఆశీస్సులు. పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం, ఇచ్ఛాపురం... ఏ ఊళ్లో చూసినా వరస ఒకటే. ముందు చెవుల్లో ఇయర్‌బడ్స్, వాటిమీద హెల్మెట్, ఆ తర్వాత స్టార్టు. పాట వినడం మానేయమని ఈ ఉత్తరం రాయడం లేదు. మానమంటే ఇంటిముందు తీసేసి వీధి మలుపులో మళ్లీ పెట్టుకుంటారు, దానివల్ల ఎవరికీ మేలు లేదు. చెవికీ ప్రాణానికీ ముప్పు తగ్గేలా ఎలా వినాలో చెబుతాను. తొందరపడకుండా చివరిదాకా చదవండి.

ముందు గాలి సంగతి. మీ పాటకి పోటీ ఇంజను అనుకుంటారు గానీ అసలు పోటీ గాలి. గంటకి 65 కిలోమీటర్లు దాటేసరికి హెల్మెట్ లోపల గాలి హోరు ఇంజను చప్పుణ్ని మించిపోతుంది. చప్పుడు ఎంత పెద్దదో డెసిబెళ్లలో కొలుస్తారు. 60 దగ్గర ఆ హోరు దాదాపు 90 డెసిబెళ్లు, వందకి వెళితే దాదాపు 100. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెళ్లే. ఆ హోరులో పాట వినబడాలంటే దానికన్నా పైకి వెళ్లాలి, అందుకే మీ బొటనవేలు వాల్యూమ్ మీదకి పోతుంది. చెవి తట్టుకునే లెక్క చాలా కఠినం: 85 డెసిబెళ్లయితే రోజుకి 8 గంటలు. అక్కణ్నుంచి మూడేసి డెసిబెళ్లు పెరిగినకొద్దీ ఆ టైము సగమవుతూ వస్తుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. చెవి లోపల నత్తగుల్లలాంటి భాగంలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి ఒకసారి చచ్చాయంటే మనుషుల్లో మళ్లీ మొలవవు. జుట్టు కాదు కదా నాన్నా అది, కత్తిరిస్తే పెరగడానికి.

ఇప్పుడు హారన్ లెక్క చూడండి. వెనకాల లోడు లారీ వస్తోంది, దాని హారన్ 7.5 మీటర్ల దూరంలో 105 డెసిబెళ్లు ఉందనుకుందాం. దూరం రెండింతలైనప్పుడల్లా దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 15 మీటర్లకి 99, 30 మీటర్లకి 93. అందులో హెల్మెట్ స్పాంజి ఇంకొంత మింగేస్తుంది. అంటే ఆ హారన్ మీ చెవి దగ్గరికి వచ్చేసరికి గాలి హోరుతో సమానంగానో, ఇంకా తక్కువగానో ఉంటుంది. దానిమీద 95 డెసిబెళ్లలో పాట పెడితే ఆ లారీ లేనట్టే. అది మీకు తెలిసేది పక్కనుంచి గాలి తోసినప్పుడే.

"ఒక చెవిలోనే పెట్టుకున్నాం, రెండోది ఖాళీగానే ఉంది" అంటారు కొందరు. ఇది ఇంకా పెద్ద పొరపాటు. శబ్దం ఏ వైపునుంచి వస్తోందో రెండు చెవులూ కలిసి చెబుతాయి. కుడివైపు హారన్ కుడి చెవికి ముందు చేరి, సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ తేడాతో ఎడమ చెవికి చేరుతుంది, పైగా కొంచెం పలచబడి చేరుతుంది. ఆ చిన్న తేడాని బట్టే మెదడు దిక్కు పట్టుకుంటుంది. ఒక చెవి మూసేస్తే హారన్ వినబడుతుంది గానీ ఎటునుంచో తెలియదు. ఎటు తప్పుకోవాలో తెలియక లారీ వైపుకే తిప్పేస్తారు.

ఇక నాయిస్ క్యాన్సిలేషన్, అంటే బయటి చప్పుణ్ని అణిచేసే ఏర్పాటు ఉన్న బడ్స్ గురించి. అవి బాగా తొలగించేది దీర్ఘంగా మోగే తక్కువ శ్రుతి శబ్దాన్ని. వెనకనుంచి వచ్చే బస్సు ఇంజను శబ్దం సరిగ్గా అలాంటిదే. పైగా గాలి నేరుగా వాటి మైకుకి కొడితే క్యాన్సిలేషన్ తికమకపడి తనే ఒక హోరు పుట్టిస్తుంది. హెల్మెట్ తొడిగేటప్పుడు బడ్ పక్కకి తిరుగుతుంది, దాని టచ్ బటన్ నొక్కుకుని కాల్ వెళ్లిపోతుంది, సగం దారిలో ఒకటి జారి చెంప దగ్గర ఇరుక్కుంటుంది. ఒక చెయ్యి వదిలి దాన్ని సర్దడానికి చూస్తారు. వైరున్నవీ, నెక్‌బ్యాండ్లూ అంతకన్నా ఇబ్బంది, తల తిప్పినప్పుడల్లా కాలర్‌కి తగులుకుని లాగుతాయి. కాబట్టి బండిమీద చెవిలోకి దూర్చే పాట వద్దు. పాట వినాలంటే హెల్మెట్‌లో అమర్చే బ్లూటూత్ స్పీకర్లే దారి. వాటికి చెవి తెరిచే ఉంటుంది.

అయితే స్పీకర్ల కంటే ముందు హెల్మెట్ సరిగ్గా ఉండాలి. పాట పెంచడం కన్నా గాలిని తగ్గించడం సులువు, ఖర్చు కూడా తక్కువ. ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 అని ముద్ర ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్ తీసుకోండి. తలమీద పెట్టి గడ్డం దగ్గర పట్టుకుని అటూ ఇటూ తిప్పితే చెంపల చర్మం దానితో కదలాలి. హెల్మెట్ కదిలి చర్మం కదలకపోతే అది వదులు, వదులు హెల్మెట్ ఎక్కువ మోగుతుంది. స్ట్రాపు కింద రెండు వేళ్లు పట్టేంత బిగువు చాలు. గాలి ఎక్కువగా చొరబడేది గడ్డం కిందనుంచి, మెడ దగ్గరనుంచి. అక్కడ పలచటి నూలు గుడ్డ చుట్టుకుంటే హోరు తగ్గడం మీకే తెలుస్తుంది. కానీ ఆ గుడ్డ కొసలు చొక్కాలోకి దోపాలి. ఆడపిల్లలు చున్నీ విషయంలో మరీ జాగ్రత్త, ఎగిరే కొస చెయిన్‌లో పడితే మెడ లాగేస్తుంది. గ్లాసు పూర్తిగా దించండి. వేలెడు సందు ఉన్నా ఈల వేస్తుంది.

స్పీకర్లు బిగించడంలో చాలామంది తప్పు చేసేది ఒక్కచోటే: స్పీకరు నడిమధ్య చెవి రంధ్రానికి ఎదురుగా ఉండదు. ఒక సెంటీమీటరు పక్కకి పోయినా పాట పలచబడుతుంది, అప్పుడు వాల్యూమ్ పెంచుతారు, మళ్లీ మొదటికే వచ్చాం. దీనికి ఇంట్లోనే ఉపాయం ఉంది. అమ్మ దగ్గర రెండు బొట్టుబిళ్లలు తీసుకోండి. హెల్మెట్ పెట్టుకుని స్ట్రాపు బిగించి, కిందనుంచి చూపుడువేలు లోపలికి పోనిచ్చి, చెవి రంధ్రానికి ఎదురుగా లైనింగు మీద బిళ్ల అంటించండి. రెండో వైపు కూడా అంతే. హెల్మెట్ తీసి చూస్తే మీరు ఊహించిన చోటుకన్నా బిళ్ల కాస్త వెనక్కో కిందికో ఉంటుంది. అదే అసలు చోటు. ఇప్పుడు చెంప ప్యాడ్లు బటన్ల దగ్గర పట్టి మెల్లగా ఊడదీయండి. చెవి దగ్గర చాలా హెల్మెట్లలో గుంట ఉంటుంది. వెల్క్రో గుండ్రం బిళ్ల గుర్తుకి ఎదురుగా అంటించి, స్పీకరుని దానిమీద నొక్కండి. మామూలు స్పీకరు 40 మిల్లీమీటర్ల వెడల్పు. వైరుని ప్యాడు వెనకనుంచి, తల వెనక భాగం చుట్టూ పోనివ్వండి. నడినెత్తి మీదుగా తీసుకెళ్లొద్దు, తలకీ లైనింగుకీ మధ్య నలిగి తెగుతుంది. బటన్లున్న డబ్బాని ఎడమవైపు పెట్టండి, ఎందుకంటే కుడిచెయ్యి ఎప్పుడూ యాక్సిలరేటరూ ముందు బ్రేకూ వదలకూడదు.

బిగించాక వెంటనే రోడ్డెక్కకండి. హెల్మెట్ పెట్టుకుని ఇంట్లో అరగంట కూర్చోండి. చెవి అంచు నొప్పి పుడితే గుంట లోతు చాలలేదని అర్థం. ఇంకా పలచని స్పీకరు వేయించండి. అంతేగానీ లోపలి థర్మాకోల్‌ని బ్లేడుతో చెక్కడానికి ఒప్పుకోను. కిందపడ్డప్పుడు ఆ థర్మాకోల్ నలిగి, దెబ్బని తను తీసుకుని తలని కాపాడుతుంది. మీరు చెక్కిన రెండు అంగుళాల మేర ఆ పని జరగదు, అది సరిగ్గా కణత దగ్గర. పై డొప్పకి కన్నాలు పొడిచి స్క్రూలు వేయడం కూడా అంతే తప్పు.

ఇప్పుడు వాల్యూమ్ ఎక్కడ ఆపాలి? దీనికి తాళాల గుత్తి పరీక్ష చాలు. బండి స్టాండు వేసి, ఇంజను ఐడిల్‌లో పెట్టి, హెల్మెట్ పెట్టుకుని కూర్చోండి. తమ్ముణ్నో స్నేహితురాలినో మీ వెనక ఆరడుగుల దూరంలో నిలబెట్టి తాళాల గుత్తి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు ఆడించమనండి. పాట పెట్టి ఫోనులో ఒక్కొక్క మెట్టే పెంచుకుంటూ రండి. తాళాలు ఏ వైపు మోగాయో మీరు చెప్పలేని మెట్టు వస్తుంది. దానికి రెండు మెట్ల కింద ఆపండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మొత్తం 15 మెట్లుంటాయి, అందులో ఆ నంబరు గుర్తుపెట్టుకోండి. అంతకన్నా పైకి రోడ్డుమీద ఎప్పుడూ పోకూడదు. కొన్ని హెడ్‌సెట్లలో హోరు పెరిగినకొద్దీ వాల్యూమ్‌ని తనంతట తనే పెంచే సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆపేయండి. 60లో పాట వినబడడం లేదంటే 50కి తగ్గండి, లేదా పాట ఆపండి.

జాతీయ రహదారి 16 మీద బరంపురం వైపు గంటలకొద్దీ వెళ్లేవాళ్లకి స్పాంజి ఇయర్‌ప్లగ్స్ మంచివి. వింతగా అనిపిస్తుంది గానీ, ప్లగ్ గాలినీ పాటనీ హారన్‌నీ అన్నిటినీ కలిపి తగ్గిస్తుంది. వాటి మధ్య తేడా దాదాపు అలాగే ఉంటుంది, చెవి మాత్రం అలసిపోదు. ప్లగ్‌ని వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో తలమీదుగా చెవిని పైకి లాగి, లోపలికి పోనిచ్చి, 20 నుంచి 30 సెకన్లు వేలితో పట్టుకోవాలి. వెంటనే వదిలేస్తే బయటే ఉబ్బి జారిపోతుంది. ప్లగ్ పెట్టుకున్నాం కదా అని పాట పెంచితే లాభమంతా పోయినట్టే. పెట్టుకున్నాక కూడా తాళాల గుత్తి పరీక్ష మళ్లీ చెయ్యండి, వినబడకపోతే ఆ ప్లగ్ వద్దు. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్లగ్స్ అసలు అక్కర్లేదు.

ఫోను పని అంతా కదలకముందే అయిపోవాలి. పాటలు డౌన్‌లోడ్ చేసుకోండి. ఘాట్లలో సిగ్నల్ పోతుంది, పాట ఆగిపోతుంది, "ఏమైందో" అని జేబులోంచి ఫోను తీస్తారు. 60 వేగంలో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతారు. మూడు సెకన్లు ఫోను చూస్తే 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఇంటినుంచి చేరేదాకా సరిపడా ఒకే వరస పెట్టి, కాల్స్ రాకుండా ఉంచి, ఫోనుని జేబులో వేసి జిప్పు లాగేయండి. వినేవి బాగా తెలిసిన పాటలైతే మేలు. కొత్త పాట మాటల కోసం మెదడు అటు వెళ్లిపోతుంది. జోరు పాటలతో డ్రైవర్లకి తెలియకుండానే వేగం పెరుగుతుందని సిమ్యులేటర్ ప్రయోగాల్లో చూశారు, కాబట్టి తీన్‌మార్ పాటలు పెళ్లి ఊరేగింపుకి ఉంచండి. చేత్తో ఫోను పట్టుకుని నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ.

కొన్నిచోట్ల పాట పూర్తిగా ఆపాలి. సాలూరునుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాటులో మలుపు అవతల ఏముందో కన్ను చెప్పదు, లారీ హారన్ ఒక్కటే చెబుతుంది. దిగే లారీ బ్రేకుల కీచు కూడా వినాలి. చలికాలం ఆ కొండల్లో పొగమంచు పడితే అద్దాలు పనిచేయవు, అప్పుడు చెవులే దిక్కు. నౌపడ–గుణుపురం రైలు లైను గేట్ల దగ్గర పాట ఆపండి, గేటు కిందనుంచి బండి దూర్చడం అసలే వద్దు. గజపతి, పార్వతీపురం మన్యం జిల్లాల అడవి అంచుల్లో పొద్దుగూకాక ఏనుగులు రోడ్డు దాటుతాయి. చీకట్లో వాటి ఒళ్లు కనబడదు, కొమ్మ విరిగిన చప్పుడే ముందు తెలుస్తుంది. సంత రోజు, స్కూలు వదిలే వేళ, హెల్మెట్ డొప్పమీద చినుకులు టపటపలాడే వాన, వీటన్నిటిలోనూ అంతే.

హ్యాండిల్‌కి పెద్ద స్పీకరు బిగించుకునేవాళ్లకి ఒక మాట. 50 దాటితే అది మీకే వినబడదు, ఊరికి మాత్రం వినబడుతుంది. అయినా పెట్టుకుంటామంటే వైరింగు సరిగ్గా చేయించండి. చిన్న బండి బ్యాటరీ 12 వోల్టులు, 3 నుంచి 5 ఆంపియర్-అవర్లు మాత్రమే. 2 ఆంపియర్లు తాగే స్పీకరుని ఇంజను ఆపి గంటసేపు వింటే సెల్ఫ్ "టిక్ టిక్" అని ఆగిపోతుంది. కరెంటు తాళం తిప్పాకే వచ్చే వైరునుంచి తీయించండి, మొదట్లోనే 3 లేదా 5 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. హ్యాండిల్ మెడ దగ్గర వైరు బిగుతుగా కడితే తిప్పినప్పుడల్లా రాసుకుని పైతోలు ఊడుతుంది, రాగి తీగ ఫ్రేముకి తగులుతుంది. ఫ్యూజు ఉంటే అది ఒక్కటే పోతుంది. దాని బదులు సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టి ఉంటే వైరింగు మొత్తం అంటుకుంటుంది, పైనే పెట్రోలు ట్యాంకు ఉంది.

దిగాక చెవుల్లో "కుయ్" మంటోందా, మాటలు దూదిలోంచి వస్తున్నట్టున్నాయా, ఆ రోజు ఎక్కువైపోయిందన్నమాట. మర్నాడు పాట లేకుండా వెళ్లండి. రెండు రోజులకీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా చెవి డాక్టరుకి చూపించండి. ఎండాకాలం చెమటకి స్పీకరు గుడ్డలు మురికిపడతాయి, విప్పి ఉతికి పూర్తిగా ఆరాకే తొడగండి. ఛార్జింగు రంధ్రం రబ్బరు మూత వానలో తప్పక మూసి ఉండాలి.

వచ్చే ఆదివారం తాళాల గుత్తి పరీక్ష చేసి, మీ నంబరు ఎన్నో మెట్టు దగ్గర ఆగిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ పెదనాన్న